గెలిచిన తరువాత కూడా మద్దెల ఓడేనా?



ఆడలేక మద్దెల ఓడు అన్నారు మన పెద్దలు. చేతకానివాడు తన లోపాన్ని పరికరం మీదకు నెట్టివేయడం లోక సహజం. అయితే చక్కగా ఆడి, సభచేత చప్పట్లు కొట్టించుకుని, బహుమతి కూడా అందుకుని, ఇంటికి వెళ్ళే దారి పొడవునా మద్దెలను తిట్టుకునే వారిని ఏమనాలి? వారి కోసం మన సామెతల్లో చోటు ఉన్నట్లు లేదు. అటువంటి వారిని నేను గత సంవత్సరం మెల్‌బోర్న్ నగరంలో, ఒక రైలు పెట్టెలో, పదుల సంఖ్యలో చూశాను. నిజం చెప్పాలంటే వారిలో నేనూ ఒకణ్ణి. ఆరోగ్య విషయాలు రాసే ఈ చోట ఆటల గోల ఎందుకని మీరు అడగవచ్చు. కొంచెం ఓపికతో చదివితే, ఇది రక్తపోటుకూ, గుండెకూ, నిద్రకూ సంబంధించిన విషయమేనని మీరే అంగీకరిస్తారని నా నమ్మకం.

ఆట, దాని తీరు

మా అమ్మాయి కుటుంబం మెల్‌బోర్న్ పడమటి శివార్లలో నివసిస్తున్నది. ఆ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. అక్కడ పుట్టిన మా మనవడికి క్రికెట్ కంటే అక్కడి ఫుట్‌బాల్ మీద మక్కువ ఎక్కువ. మనవడి వల్ల అల్లుడికీ, అల్లుడి వల్ల నాకూ ఆ పిచ్చి అంటుకున్నది. సాంక్రమిక వ్యాధులు తరచుగా పిల్లల నుండి పెద్దలకు వస్తాయి. ఇదీ అలాగే వచ్చింది.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. 1859లో మెల్‌బోర్న్‌లోనే దీని నియమాలు మొదటిసారి రాసుకున్నారు. కోడిగుడ్డు ఆకారపు మైదానం, దాదాపు అదే ఆకారపు బంతి, ఒక్కొక్క పక్షాన పద్దెనిమిది మంది ఆటగాళ్ళు. బంతిని చేతితో పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు. నడిమి రెండు పొడవైన స్తంభాల మధ్య నుండి బంతిని తన్నితే ఆరు పాయింట్లు. పక్క స్తంభాల వైపు వెళితే ఒక్కటే పాయింటు. మైదానం లోపల నలుగురు అంపైర్లు ఆటగాళ్ళతో సమానంగా పరుగెత్తుతూ ఉంటారు. వీరు గాక సరిహద్దు దగ్గర కొందరు, గోల్ స్తంభాల దగ్గర కొందరు వేరుగా ఉంటారు.

ఈ ఆటలో తగాదా అంతా 'బంతిని పట్టుకుని ఉండిపోవడం' అనే ఒక నియమం చుట్టూ తిరుగుతుంది. బంతి ఉన్న ఆటగాణ్ణి ప్రత్యర్థి ఒడిసి పట్టుకుంటే, అతడు వెంటనే బంతిని వదిలించుకోవాలి. అంతకు ముందే వదిలే అవకాశం అతనికి ఉన్నదా? వదలడానికి నిజాయితీగా ప్రయత్నించాడా? పట్టుకున్నవాడు వీపు మీద పడ్డాడా, మెడ పట్టుకున్నాడా? ఇవన్నీ రెప్పపాటులో, పరుగెత్తుతూ, మట్టిలో దొర్లుతున్న అయిదారుగురి కాళ్ళూ చేతుల మధ్య నుండి చూసి నిర్ణయించాలి. ఆ క్షణంలో వేలాది మంది ఒక్క గొంతుతో 'బాల్!' అని అరుస్తారు. అంపైర్ ఈల ఊదితే ఒక పక్షం లేచి నిలబడుతుంది, ఊదకపోతే మరొక పక్షం. ఎటు తిరిగినా ఆ మైదానంలో సగం మందికి అతడు దుర్మార్గుడే. పూర్వం అంపైర్లు తెల్లని దుస్తులు ధరించే రోజుల్లో వారిని 'తెల్ల పురుగులు' అని పిలిచేవారట. దుస్తుల రంగు మారింది గాని తిట్లు తగ్గలేదు. అంపైర్ నిర్ణయానికి చేతులు చాచి నిరసన తెలిపే ఆటగాళ్ళ మీద 2022 నుండి యాభై మీటర్ల పెనాల్టీ నియమాన్ని కఠినంగా అమలు చేయవలసి వచ్చింది. ప్రేక్షకులకు మాత్రం ఏ పెనాల్టీ లేదు కదా!

గెలుపు వయస్సు ఎంత?

ఆ శనివారం మేము చూసిన ఆటలో మా అల్లుడి జట్టు గెలిచింది. జట్టు పేరు చెప్పను. చెబితే ఆ లీగులోని మిగిలిన పదిహేడు జట్ల అభిమానులు నన్ను పక్షపాతి అంటారు. గెలుపు కూడా ఏదో అంచున దొరికినది కాదు. ఏడు గోల్స్ తేడాతో వచ్చిన గెలుపు. ఆట ముగియగానే, అక్కడి ఆచారం ప్రకారం, గెలిచిన జట్టు పాట మైదానమంతా మోగింది. పక్కవారు నన్ను కూడా కౌగిలించుకున్నారు. నా వయస్సువారికి ఇటువంటి ఆనందం తరచుగా దొరకదు.

ఆ ఆనందం వయస్సు ఎంతో తెలుసా? మైదానం నుండి రిచ్‌మండ్ స్టేషన్ దాకా నడిచినంత సేపు.

రైలు ఎక్కగానే చర్చ మొదలైంది. మూడవ పాదంలో మనకు రావలసిన ఫ్రీకిక్ ఎందుకు ఇవ్వలేదు? వాళ్ళకు మనకంటే ఏడెనిమిది ఎక్కువ ఎలా ఇచ్చారు? ఒక యువకుడు వేళ్ళు మడిచి లెక్క చెబుతుంటే మరొకడు మరచిపోయిన వాటిని అందిస్తున్నాడు. సొంతంగా అల్లుకున్న మఫ్లరు మెడకు చుట్టుకున్న ఒక వృద్ధురాలు, ఫలానా అంపైర్‌కు ఇరవై ఏళ్ళుగా తమ జట్టంటే గిట్టదని ఎంతో నమ్మకంగా చెప్పింది. అంతా అవునంటే అవునన్నారు. మైదానంలో నాలుగు గోల్స్ కొట్టిన కుర్రవాడి పేరు ఆ పెట్టెలో ఒక్కరి నోటా రాలేదు. ఆ ఆట నియమాలు సగం కూడా తెలియని నేను కూడా, "అవును, ఆ రెండవది చాలా అన్యాయం" అన్నాను.

ఆ రాత్రి మా అల్లుడు పన్నెండు దాటేదాకా ఆటను మళ్ళీ పెట్టుకుని చూశాడు, గోల్స్ కోసం కాదు, అంపైర్ తప్పుల కోసం. "చూడండి మామయ్యగారూ, ఇదిగో ఇక్కడ!" అని ఒకే దృశ్యాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. నాలుగుసార్లు చూసినా నాకు నిశ్చయంగా ఏమీ తేలలేదు. పరుగెత్తుతున్న ఆ మనిషికి మాత్రం ఒక్కసారే చూసే అవకాశం.

చూసేది కన్నేనా?

కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనలో ఒక మాట ఉన్నది. వైద్యునిగా దీనిని కొంచెం సరిదిద్దవలసి ఉన్నది. నా సర్వీసులో ఎందరో కామెర్ల రోగులను చూశాను. లోకం పచ్చగా కనిపిస్తున్నదని ఒక్కరూ చెప్పలేదు. పచ్చబడేది వారి కన్ను. ఆ సంగతి వారికి తెలియదు, ఎదుటివారు చెప్పాలి. పక్షపాతం కూడా సరిగ్గా ఇటువంటిదే. అది ఉన్నవాడికి కనిపించదు.

1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ అనే రెండు కళాశాలల మధ్య అక్కడి ఫుట్‌బాల్ పోటీ జరిగింది. ఆట మొరటుగా సాగింది. ప్రిన్స్‌టన్ జట్టులోని ప్రముఖ ఆటగాడి ముక్కు విరిగింది. డార్ట్‌మత్ ఆటగాడొకరి కాలు విరిగింది. తరువాత ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, హాస్టార్ఫ్, కాంట్రిల్ అనేవారు, ఆ ఆట ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ చూపించి, కనిపించిన నియమోల్లంఘనలను గుర్తించమన్నారు. 1954లో ఫలితాలు ప్రచురించారు. డార్ట్‌మత్ విద్యార్థులు తమ జట్టు చేసిన తప్పులు సగటున 4.3 అని లెక్కించారు. అదే ఫిల్ము చూసిన ప్రిన్స్‌టన్ విద్యార్థులు అదే జట్టు తప్పులను 9.8 గా లెక్కించారు. కళ్ళు రెండు పక్షాలవారికీ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఫిల్ము ఒక్కటే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ఈ పరిశోధనను ప్రస్తావించే వారు సాధారణంగా చెప్పని విషయం ఒకటి ఉన్నది. ఆ ఆటలో గెలిచినది ప్రిన్స్‌టనే! రెట్టింపు తప్పులు చూసినవారు విజేతలు. అంటే ఓటమి బాధ వల్లనే కన్ను వంకరపోతుందని అనుకోవడం పొరపాటు. 'మనం' అన్న భావన ఒక్కటి చాలు.

మరి పక్షపాతం అబద్ధమా?

ఇంతవరకు చదివిన వారు, 'డాక్టరుగారు అంపైర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నారు' అనుకోవచ్చు. అది నా ఉద్దేశం కాదు. అంపైర్లు మనుష్యులు. వారికీ చెవులున్నాయి. ఇంగ్లండులో 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, లివర్‌పూల్ మైదానంలో జరిగిన ఒక సాకర్ ఆటలోని దృశ్యాలను 40 మంది అర్హత గల రిఫరీలకు చూపించారు. కొందరికి ప్రేక్షకుల అరుపులతో సహా, కొందరికి ధ్వని లేకుండా. అరుపులు విన్నవారు, విననివారికంటే, సొంత మైదానపు జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. లంచం లేదు, ద్వేషం లేదు. కేవలం చెవిలో పడిన హోరు. సందేహం కలిగిన క్షణంలో ఆ హోరు ఈలను నోటి దాకా రానివ్వలేదు. కోవిడ్ కాలంలో ఖాళీ మైదానాలలో ఆడినప్పుడు, పర్యాటక జట్ల మీద కార్డుల భారం తగ్గినట్లు ఐరోపా ఆటల లెక్కలు చూపించాయి.

కళ్ళ ముందే జరిగే పెద్ద పొరపాట్లూ ఉంటాయి. 2023 ఆగస్టులో అడిలైడ్, సిడ్నీ జట్ల ఆట చివరి దశలో అడిలైడ్ గోల్ కొట్టింది. బంతి స్తంభానికి తగిలిందని అంపైర్ ఒక్క పాయింటే ఇచ్చాడు. ఆట ఒక్క పాయింటు తేడాతో సిడ్నీకి దక్కింది. మరునాడు లీగు అధిపతి అది తప్పేనని బహిరంగంగా అంగీకరించాడు. అడిలైడ్‌కు ఆ సంవత్సరం ఫైనల్స్ అందలేదు. వారి బాధను ఎవరు కాదనగలరు?

కాబట్టి ఇక్కడ రెండు వ్యాధులను వేరుచేసి చూడాలి. పొరపాటు వేరు, పక్షపాతం వేరు. పొరపాటుకు ఒక సంఘటన చాలు. పక్షపాతాన్ని నిరూపించాలంటే చాలా సంఘటనలు కావాలి, రెండు వైపులా లెక్క కావాలి. ఒక్క జ్వరాన్ని చూసి టైఫాయిడ్ అని చెప్పే వైద్యుణ్ణి మనం మెచ్చుకోము కదా!

లెక్క విషయంలో ఇంకొక మెలిక ఉన్నది. వాళ్ళకు ఏడెనిమిది ఫ్రీకిక్‌లు ఎక్కువ వచ్చాయి కాబట్టి అన్యాయం జరిగిందన్నది రైలులోని వాదన. నేను పనిచేసిన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొన్ని సంవత్సరాల పాటు మరణాలు దాదాపు లేవు. అదే కాలంలో జిల్లా ఆసుపత్రిలో నెలనెలా మరణాలుండేవి. దీనిని బట్టి మా కేంద్రం గొప్పదనీ, జిల్లా ఆసుపత్రి వైద్యులు అసమర్థులనీ అనవచ్చునా? ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారినందరినీ మేము అక్కడికే పంపేవాళ్ళం! అలాగే, బంతిని ముందుగా చేరుకునే జట్టు మీదనే ప్రత్యర్థులు ఎక్కువగా విరుచుకుపడతారు. ఫ్రీకిక్‌లు వారికే ఎక్కువ వస్తాయి. మోటుగా ఆడే జట్టుకు తక్కువ వస్తాయి. రెండు వైపులా సమానంగా రావాలన్న నియమం ఎక్కడా లేదు. అంకె నిజమే కావచ్చు. దాని వెనుక కారణం తెలియకుండా తీర్పు చెప్పడమే తప్పు.

వైద్యశాస్త్రం ఈ పచ్చకన్ను జబ్బుకు ఎప్పుడో మందు కనిపెట్టింది. 1948లో ఫలితాలు ప్రచురితమైన బ్రిటన్ ప్రయోగంలో, క్షయ వ్యాధికి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందో లేదో పరీక్షించినప్పుడు, 107 మంది రోగుల ఎక్స్‌రేలను చదివిన వైద్యులకు, ఏ ఫిల్ము మందు పుచ్చుకున్నవారిదో, ఏది పుచ్చుకోనివారిదో తెలియనివ్వలేదు. ఆ వైద్యులు నిజాయితీ లేనివారనా? కాదు. రోగి బాగుపడాలని కోరుకునే నిజాయితీపరుడైన వైద్యుడికే, లేని మెరుగుదల కనిపించే ప్రమాదం ఎక్కువ. పక్షం తెలియకుండా చూడడమే న్యాయంగా చూడడమని ఆనాడు మా వృత్తి నేర్చుకున్నది. ఆట చూసే మనకు ఆ అవకాశం లేదు. జెండా పట్టుకునే మైదానంలోకి వెళతాము.

గుండెకు గెలుపోటములు తెలియవు

ఇక నా అసలు అధికార పరిధిలోకి వస్తాను.

2006లో జర్మనీలో సాకర్ ప్రపంచ కప్ జరిగినప్పుడు, మ్యూనిక్ ప్రాంతంలో అత్యవసర గుండె జబ్బు కేసులను వైద్యులు లెక్కించారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అవి మామూలు రోజులకంటే 2.66 రెట్లు ఉన్నాయి, పురుషులలో 3.26 రెట్లు. ఆట మొదలైన మొదటి రెండు గంటలలో ఉధృతి ఎక్కువ. ముందే గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. గమనించవలసినది ఏమిటంటే, జర్మనీ గెలిచిన రోజుల్లో కూడా ఈ పెరుగుదల కనిపించింది. ఉద్వేగంలో ఉన్నప్పుడు అడ్రినలిన్ నాడిని పరుగెత్తిస్తుంది, రక్తపోటును పెంచుతుంది, రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అది ఆనందపు అరుపా, ఆగ్రహపు అరుపా అన్నది గుండెకు తెలియదు.

కాని ఆనందానికీ ఆగ్రహానికీ ఒక భేదం ఉన్నది. ఆనందం త్వరగా చల్లారుతుంది. కోపాన్ని మనం నెమరు వేస్తాము. జరిగిన అవమానాన్ని తలచుకుంటూ ఉన్నంత సేపూ పెరిగిన రక్తపోటు ఆలస్యంగా దిగుతుందని ప్రయోగాలు తెలిపాయి. ఆవు నెమరు వేస్తే పాలవుతాయి. మనిషి కోపాన్ని నెమరు వేస్తే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, పక్కవారి శాంతి కూడా పోతుంది.

మా అల్లుడికి నాలుగేళ్ళుగా రక్తపోటు ఉన్నది. రోజూ మాత్ర వేసుకుంటాడు. ఆదివారం ఉదయం నేను పట్టుబట్టి కొలిచాను. 156/98. ఎప్పుడూ 130 దాటని మనిషి. ఒక్క కొలతతో ఏదీ నిర్ధారించకూడదని నాకు తెలుసు. నిద్ర లేమి ఉన్నది, మైదానంలో తిన్న ఉప్పు చిప్స్ ఉన్నాయి, మాత్ర వేసుకోవడం మరచిపోయాడేమో కూడా. అయినా ఒక మాట అడిగాను: "ఓడిపోయి ఉంటే ఇది ఎంత ఉండేది బాబూ?" అతడు నవ్వలేదు.

ఆదివారం ఉదయం

మా మనవడికి పదిహేనేళ్ళు. ఆదివారాలు పన్నెండేళ్ళ లోపు పిల్లల ఆటలకు అంపైర్‌గా వెళతాడు. కొద్దిగా చేతిఖర్చుకు డబ్బు వస్తుంది. అంతకంటే, ఈల మెడలో వేసుకోవడం వాడికి ఒక గౌరవం. ఆ ఉదయం చలిగాలిలో మేమిద్దరం గట్టు మీద నిలబడి చూశాము.

రెండవ పాదంలో వాడు ఒక ఫ్రీకిక్ ఇచ్చాడు. గట్టు మీద ఒక తండ్రి కేకలు మొదలుపెట్టాడు. ఆయన పిల్లవాడి జట్టు అప్పటికే బాగా ముందున్నది. చివరికి గెలిచింది కూడా. అయినా ఆట అయిపోయేదాకా ఆయన ఆగలేదు. మనవడు ఈల నోటి దగ్గరకు తెచ్చుకున్న ప్రతిసారీ ఒకసారి ఆ గట్టు వైపు చూడసాగాడు. చేయి వణకడం నాకు దూరం నుండి కూడా కనిపించింది. మా అల్లుడు నోరు మెదపలేదు. నిన్న రాత్రి పన్నెండు దాటేదాకా మరొకరి కొడుకు మీద తాను విసిరిన మాటలే ఇవి. ఈ రోజు అవి తన కొడుకు మీదకు వస్తున్నాయి.

కారులో వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "తాతయ్యా, ఆ డెసిషన్ నిజంగానే తప్పు. ఈల ఊదగానే నాకే తెలిసింది. తప్పు అని అరిస్తే నాకు బాధ లేదు. కాని ఆయన 'వాళ్ళు నీకెంత ఇచ్చార్రా' అన్నాడు."

వైద్య కళాశాలలో అయిదేళ్ళు చదివినా నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నీవు పొరబడ్డావు అనడం ఒకటి. నీవు అమ్ముడుపోయావు అనడం మరొకటి. మొదటిది పనికి సంబంధించినది, దిద్దుకోవచ్చు. రెండవది మనిషికే తగిలే దెబ్బ. పదిహేనేళ్ళ పిల్లవాడు దానిని ఎక్కడ దాచుకుంటాడు? వచ్చే వారం వెళ్ళాలో వద్దో ఆలోచిస్తానన్నాడు. పిల్లలందరూ ఇలా ఈలలు పక్కన పెట్టేస్తే, రేపు ఆడేది ఎవరు, ఆడించేది ఎవరు?

నా మద్దెల

ఇతరుల కన్ను పచ్చదనం చెప్పిన తరువాత నా కన్ను సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఈ వ్యాసానికి అర్హత లేదు.

నా సర్వీసు 33 సంవత్సరాలు. పదోన్నతుల జాబితాలో ఒకసారి నాకంటే జూనియర్‌ను ముందు పెట్టారు. వినతిపత్రాలు పెట్టాను, రెండేళ్ళు తిరిగాను. చివరకు నా వాదన అంగీకరించి సీనియారిటీ పునరుద్ధరించారు. అంటే నేను గెలిచాను. ఉద్యోగ విరమణ సభలో నన్ను మాట్లాడమన్నారు. ఇరవై నిమిషాలు మాట్లాడితే అందులో సగానికి పైగా ఆ జాబితా గురించే. ఎవరు కావాలని చేశారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, ఏ తేదీన ఏ ఉత్తరం రాశాను, అన్నీ కంఠస్థం.

దండలు పట్టుకుని ఇంటికి వస్తుంటే నా భార్య మెల్లగా అన్నది: "మీరు ఆ పాము కాటు పిల్లవాడి సంగతి చెబుతారనుకున్నాను."

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఊళ్ళో, పాము కరిచి ఊపిరి ఆగిపోతున్న ఒక పిల్లవాడికి, విషానికి విరుగుడు ఇచ్చి, తెల్లవార్లూ చేతితో గాలి తిత్తి నొక్కుతూ కూర్చున్నాము, నేనూ, మా కాంపౌండరూ, చేతులు నొప్పి పుట్టినప్పుడల్లా మారుతూ. తెల్లవారుజామున వాడు తనంతట తాను ఊపిరి పీల్చాడు. నా వృత్తి జీవితంలో అంతకు మించిన గెలుపు లేదు. విరమణ సభలో అది నాకు జ్ఞాపకమే రాలేదు. అంపైర్ ఒక్కడే జ్ఞాపకం వచ్చాడు.

మన దేశంలోనూ చూడండి. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో సైమండ్స్‌ను 30 పరుగుల దగ్గర అవుట్ ఇవ్వకపోవడం, అతడు 162 చేయడం, మనం ఓడిపోవడం నేటికీ మా తరం క్రికెట్ అభిమానులు ఆవేశంతో చెబుతారు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ వెంటనే పెర్త్‌లో, ఆస్ట్రేలియా గడ్డ మీదనే, మనం 72 పరుగుల తేడాతో గెలిచిన సంగతి అదే ఊపిరిలో ఎందరు చెబుతారు? గెలుపు కంటే అన్యాయానికే ఆయుర్దాయం ఎక్కువ. మనమే దానికి రోజూ నీళ్ళు పోసి పెంచుతాము.

చివరగా, ఒక వైద్యుని సలహాలు

ఒకటి: అంపైర్ నిర్ణయం మీద కోపం వచ్చినప్పుడు, రెండు జట్ల దుస్తులు మార్చి ఊహించుకోండి. అదే నిర్ణయం మనకు అనుకూలంగా వచ్చి ఉంటే దాని గురించి ఒక్క మాటైనా మాట్లాడేవారమా?

రెండు: 'తప్పు' అనండి, అభ్యంతరం లేదు. 'మోసం' అనడానికి ముందు రెండు వైపులా లెక్క చూడండి.

మూడు: గెలిచిన రోజున ఇంటికి చేరేలోపు, బాగా ఆడిన ముగ్గురి పేర్లు పిల్లలతో చెప్పించండి. మనసు దేనిని వల్లె వేస్తే అదే నిలుస్తుంది.

నాలుగు: రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు ఆట ఉన్న రోజున మాత్రలు మరువకూడదు, ఉప్పు తినుబండారాలు, మద్యం, పొగ, రాత్రి జాగరణ కలిపి పెట్టుకోకూడదు. చూస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం వస్తే 'ఈ ఓవర్ అయ్యాక' అనుకోవద్దు. మన రాష్ట్రాలలో 108కి, ఆస్ట్రేలియాలో ఉన్నవారు 000కి వెంటనే ఫోన్ చేయండి.

అయిదు: పిల్లల ఆటలకు వెళ్ళినప్పుడు, ఈల పట్టుకున్నది కూడా ఎవరో ఒకరి బిడ్డేనని గుర్తుంచుకోండి.

తరువాతి ఆదివారం మా మనవడు ఈల తీసుకుని బయలుదేరాడు. వెళ్ళమని మేమెవరమూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆట మధ్యలో వాడు మళ్ళీ ఒక పొరపాటు చేశాడు. నాకు కూడా తెలిసింది. గట్టు మీద ఎవరో గొణిగారు. మా అల్లుడు ఆ వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా చప్పట్లు కొట్టాడు, బంతి తన్నిన పిల్లవాడి కోసం. అది ఎవరి జట్టు పిల్లవాడో మాకు తెలియదు.

ఆ సాయంత్రం అతని రక్తపోటు 132/84. ఒక్క కొలతతో ఏదీ నిర్ధారించకూడదని ముందే చెప్పాను కదా!